శరణుజొచ్చిన శునకము

ఆంధ్ర మహాభారతమునకు రెండు ద్వారములు కలవు. ఆ రెండింటి యొద్దను ఒక్కొక్క కుక్క నిలిచియున్నది. మొదటిది ఆదిపర్వారంభమున, నన్నయభట్టారకుని రచనలో కనబడును. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా సరమ యను దేవశుని కొడుకు ఆడుకొనుచు ఆ చోటికి వచ్చెను. ఏ అపరాధమును చేయలేదు. ఐనను రాజు తమ్ములు దానిని కొట్టిరి. తల్లి సరమ రాజు నెదుటికి వచ్చి, తప్పుచేయని సాధుప్రాణిని హింసించినవారికి అనుకొనని భయములు వచ్చునని చెప్పి వెడలిపోయెను. అంతటి చక్రవర్తియు కలతపడి, శాంతి చేయింపగల పురోహితునికై వెదకుకొనవలసివచ్చెను. రెండవ కుక్క మహాప్రస్థానమున, తిక్కన సోమయాజి తెనిగించిన భాగమున నున్నది. ద్రౌపదియు నలుగురు తమ్ములును త్రోవలో పడిపోయిన పిదప ధర్మరాజు వెంట మిగిలినది అదియొక్కటే. ఇంద్రుడు రథము తెచ్చి ఎక్కుమన్నను, నమ్మి వెంటవచ్చిన దానిని విడిచిపెట్టి పొందు స్వర్గము తనకు వలదని ధర్మరాజు నిలిచిపోయెను. తిక్కన పితామహుడు మంత్రి భాస్కరుడు గుంటూరి విభుడుగా పేరొందినవాడు. కావున ఈ కథ గుంటూరివారికి ఇంటికథ యనినను తప్పులేదు.

ఊరిలోని కుక్కకు మొదటి ద్వారము దినమునకు పదిమార్లు ఎదురగుచుండును. రాయి, కఱ్ఱ, మరుగునీళ్ళు, బండిచక్రము. రెండవ ద్వారము జన్మమునకు ఒక్కమారైనను తెరచుకొనుట అరుదు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుడు ధర్మమునకు వేరు దయయేననియు, ఆ దయ సకల ప్రాణులయందును ఉండవలెననియు బోధించెను. ఈ మాటను వీరశైవుల ఇండ్లలో పిల్లలు సైతము కంఠస్థము చేసియుందురు. ఐతే "సకల ప్రాణులు" అను పదమును చాలమంది ఆవు వఱకు, ఎద్దు వఱకు నడిపించి అక్కడ నిలిపివేయుదురు. బసవని నందీశ్వరుని అవతారముగా కొలుచు ఇండ్లలో ఎద్దునకు గౌరవము సహజమే. కుక్క దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము ఆ "సకల" అను మాట సన్నగిల్లిపోవును. శైవ సంప్రదాయమున దీనికి ఆధారమేమియు కనబడదు. శ్రీకాళహస్తిలో శివుని చేరినవి సాలెపురుగు, పాము, ఏనుగు. కాలభైరవుని వాహనము కుక్కయే. శరణచరిత్రలలో హావినహాళ కల్లయ్యగారి కథ ప్రసిద్ధము. బసవేశ్వరుని కాలమువాడైన ఆ స్వర్ణకార శరణుడు వేదాధికారమును గూర్చి గర్వించినవారి యెదుట తన కుక్కచేత వేదము చదివించెనని చెప్పుదురు. కుక్క నోట వేదము పలికెనా లేదా యని తర్కించువారు తర్కింతురు గాక. ఒక శరణుని యింట కుక్క యుండెననియు, పదిమందిలోనికి ఆయన దానిని సిగ్గుపడక వెంటబెట్టుకొని పోయెననియు గమనించువారు తక్కువ. గమనింపవలసినది అదియే.

ఇక బ్రాడీపేట సంగతి. గుంటూరు నగరమున లైన్లును అడ్డరోడ్లును గళ్ళుగీసినట్లుండు ఈ పేట వైద్యశాలలకు, విద్యాలయములకు, పుస్తకాల అంగళ్ళకు, విద్యార్థుల వసతిగృహములకు, టిఫిను దుకాణములకు నెలవు. ఎక్కడ జనము తిని పారవేయుదురో అక్కడ కుక్క బ్రతుకును. కుక్కలు ఎక్కువైనవని విసుగుకొనువారు, ముందుగా ఇడ్లీ ఆకులును బిరియానీ పొట్లములును వీథిమూలలను పడవేయువారు ఎవరో ఆలోచించిన బాగుండును. ఆడుకుక్క చూలు రమారమి అరువదిమూడు దినములు. ఈనిన పిల్లలలో అనేకము ఏడాది తిరుగకముందే జబ్బులకో బండ్లకో బలియగును. మిగిలినవి మనుష్యుల అడుగులచప్పుడు బట్టి ఎవరు కొట్టుదురో, ఎవరు పెట్టుదురో పోల్చుకొని బ్రతుక నేర్చును.

రెండవ ప్రక్కను మరచుట న్యాయము కాదు. వేకువజామున పాలకు పోవు ముసలివారిని, బడికి నడచిపోవు పిల్లలను కుక్కలు కఱచుట కల్ల కాదు. మనుష్యులకు వచ్చు రేబిస్ వ్యాధిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళవఱకు కుక్కకాటు వలననే వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. లక్షణములు బయటపడిన పిదప ఆ వ్యాధి దాదాపుగా తప్పక ప్రాణము తీయును. 1885వ సంవత్సరమున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కఱచిన బాలునికి టీకా వేసి బ్రతికించినది మొదలు దీనికి నివారణ మనుష్యుని చేతిలోనున్నది. కాటుపడిన చోటును సబ్బుతోను ధారగా పారు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి, వైద్యులు చెప్పిన మోతాదులన్నియు తప్పక పూర్తిచేసికొనవలెను. మిరపసీమలో కొందఱు ఇప్పటికిని గాయమునకు కారము పూయుదురు. సున్నమో పసరో పట్టించువారు మఱికొందఱు. ఇది ప్రాణాంతకమైన మూఢత్వము. కారము విషమును విఱుచుట లేదు. గాయమును రేపి, కడుగవలసిన సమయమును కాజేయుచున్నది. కుక్కయందు దయ చూపుమని చెప్పు నోరు ఈ మాటను కూడ గట్టిగా చెప్పవలెను.

శాసనముల విషయము క్లుప్తముగా చెప్పిన చాలును. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుదలతో ప్రారంభమైన యత్నము ఫలించి 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. 1976 నాటి రాజ్యాంగ సవరణ ప్రాణులయందు కరుణ చూపుటను పౌరుని ప్రాథమిక విధులలో చేర్చెను. వీథికుక్కలను చంపక, శస్త్రచికిత్సతో సంతానమును నిలిపి, టీకా వేయు పద్ధతికి 2001లో నియమములు ఏర్పడెను. వాని స్థానమున 2023లో క్రొత్త నియమములు వచ్చెను. చెవికొసన చిన్నకోత యున్న కుక్క అట్టి చికిత్స పొందినదని గుర్తు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీథికుక్కల నన్నింటిని ఆశ్రయములకు తరలింపుమనగా, ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ యుత్తరువును సవరించి, పిచ్చిపట్టినవియు దాడిచేయు స్వభావముగలవియు తప్ప తక్కినవానిని చికిత్స, టీకాల పిమ్మట పట్టిన చోటనే విడువుమనెను. అదే యేడు నవంబరు 7న విద్యాలయములు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణములు, బస్సు నిలయములు, రైలు స్టేషన్ల ఆవరణలనుండి కుక్కలను తొలగించి ఆశ్రయములందు ఉంచవలెననియు, మఱల అక్కడ విడువరాదనియు ఆదేశించెను. ఆసుపత్రులును బడులును అడుగడుగున నున్న బ్రాడీపేటవంటి పేటలకు ఈ ఆదేశము ఏమి తెచ్చునో ఊహించుట కష్టము కాదు. పట్టుట సులువు. పట్టినదానిని ఎక్కడ ఉంచుట యనునదే ప్రశ్న.

ఆశ్రయములు పూర్వమునుండియు కొన్ని కలవు. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల, నాగార్జున దంపతులు నెలకొల్పిన బ్లూక్రాస్, 1996లో ఆరంభమైన విశాఖ జంతు సంరక్షణ సంస్థ తెలుగువారికి తెలిసినవే. అట్టిచోట్ల పనిచేయువారి సేవ దొడ్డది. ఐనను ఆశ్రయము ఎంత మంచిదైనను సత్రమువంటిదే గాని ఇల్లు కాదు. పదుల కొలది కుక్కలు ఒకచోట మొరుగుచుండగా నిద్ర యుండదు. ఏ చేయి తనదో తెలియదు. కావుననే అక్కడివారు కుక్కను పెంచుకొనుటకు ఎవరైన తీసికొనిపోయిన సంతోషింతురు.

దృష్టాంతముగా ఇట్టి కుక్క నొకదానిని కల్పించుకొనవచ్చును. బ్రాడీపేట అడ్డరోడ్డున ఆగియున్న కారు క్రింద పుట్టి, రెండేండ్లు అక్కడనే తిరిగి, కాలు విఱిగి ఆశ్రయమునకు చేరిన ఎఱ్ఱకుక్క. కాలు అతికినది గాని కొంచెము కుంటు మిగిలినది. దానిని ఫిరంగిపురము ప్రక్క పల్లెలో నాలుగెకరముల మిరపయు రెండెకరముల పత్తియు సాగుచేయు లింగవంత కుటుంబము వారు కార్తికమాసమున ఇంటికి తెచ్చిరనుకొనవలెను. తాత, అవ్వ, కొడుకు, కోడలు, మనుమడు. ఇంటిపెద్దకు దయ కలదు. కొడుకునకు లెక్క కలదు: కోతలనాటికి కళ్ళములో కావలికి పనికివచ్చునని ఆతని యాశ.

తెచ్చిన దినమున కుక్క బండినుండి దిగలేదు. దింపగా గడ్డివామి వెనుకకు పోయి ముడుచుకొని పడుకొనెను. పెట్టిన అన్నమును ముట్టలేదు. అందఱును నిద్రించిన పిదప, నడిరేయి, అన్నము మాయమయ్యెను. ఇట్లు మూడు దినములు. తోక కాళ్ళ నడుమ, చెవులు వెనుకకు, మాటిమాటికి నాలుకతో మూతి నాకుకొనుట, ఇవన్నియు భయలక్షణములు. మనుమడు పోయి నిమురబోగా గుఱ్ఱుమనెను. "తాతయ్యా, ఇది మనల్ని చూసి ఎందుకు భయపడుతోంది? మనమేమీ చేయలేదుగా!" యని ఆ బాలుడు అడిగెను. "మనం చేయలేదురా అబ్బాయీ. మనలాంటి రెండుకాళ్ళవాళ్ళు చేశారు. అది మొగాలు చూడదు, కాళ్ళు చూస్తుంది" అని తాత చెప్పెను.

ఆశ్రయ కేంద్రములలో అనుభవముగలవారు ఒక లెక్క చెప్పుదురు. క్రొత్త ఇంట కుక్కకు భయము తగ్గుటకు మూడు దినములు, ఇంటి పద్ధతి తెలియుటకు మూడు వారములు, అది తన యిల్లని నమ్ముటకు మూడు నెలలు పట్టునట. ఇది శాస్త్రసూత్రము కాదు, ఉజ్జాయింపు మాత్రమే. కొన్నిటికి ఏడాది పట్టును. ఐతే ఈ లెక్క యింటివారి ఓపికకు ఊతకఱ్ఱ. మొదటివారములోనే "ఇది పనికిరాదు" అని తిప్పిపంపు ఇండ్లు అనేకము. అట్లు తిరిగివచ్చిన కుక్క రెండవమారు మనిషిని నమ్ముట మఱింత కష్టము.

ఈ యింటను అదియే జరుగబోయెను. తొమ్మిదవనాడు ట్రాక్టరు ఉన్నట్టుండి పెద్దచప్పుడు చేయగా కుక్క పరుగెత్తి కనబడకపోయెను. రెండు దినములు వెదకినపిదప పొరుగువారి పత్తిచేనిలో, ఆరిన పత్తికట్టె నడుమ, నీరసించి దొరికెను. కొడుకు విసిగి గొలుసు తెచ్చెను. గుంజకు కట్టగా రాత్రి తెల్లవార్లు ఊళవేసెను, ఇరుగుపొరుగువారు అశుభమనిరి. "మొరగాల్సినపుడు మొరగదు, వద్దన్నపుడు ఏడుస్తుంది. రేపు పొద్దున్నే దీన్ని తెచ్చినచోటే దింపి వస్తాను" అని కొడుకు తీర్మానించెను. అవ్వ వెంటనే బదులు చెప్పలేదు. రాత్రి యిష్టలింగపూజ ముగించి, పాదోదక ప్రసాదములు గ్రహించి లేచిన తరువాత కొడుకుతో, "నువ్వు దాసోహం పెట్టేటపుడు వచ్చినవాణ్ణి ఏం పని చేస్తావని అడిగి పెడతావా?" యనెను. ఆతడు మాటాడలేదు. గొలుసు మాత్రము మఱునాడు ఊడెను. దాని బదులు ఇరువదిమూరల పొడవు నూలుత్రాడు వచ్చెను.

ఈ త్రాటి సంగతి చిన్నదిగా తోచును గాని రైతుల యిండ్లలో కుక్కల బ్రతుకు దీని మీదనే నడచును. పుట్టినది మొదలు మూడడుగుల గొలుసుకు కట్టిన కుక్క పిఱికిదియైనను అగును, కఱచునదియైనను అగును. ఎల్లప్పుడు గొలుసుతో కట్టియుంచి తగినంత తిరుగనీయకుండుట 1960 నాటి చట్టమున హింసగా లెక్కింపబడినది. ఇది తెలిసినవారు పల్లెలలో అరుదు. క్రొత్త కుక్కను ఒక్కసారి విడిచిపెట్టుటయు ప్రమాదమే. పొడవైన త్రాటితో దినమునకు రెండుమారులు చేనిగట్ల వెంట త్రిప్పినచో, పదునైదు ఇరువది దినములలో దాని ముక్కునకు ఆ నేల తెలియును. కుక్కకు ఊరు కంటితోకంటె ముక్కుతోనే తెలియునని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఈ కుక్కయు అట్లే నల్లరేగడి వాసన, పశువులపాక వాసన, తాత కండువా వాసన ఒక్కొక్కటిగా నేర్చెను. నాలుగవ వారమున త్రాడు లేకయే తాత వెనుక పదియడుగుల దూరమున నడచుట మొదలుపెట్టెను. పది అడుగులు ఐదాయెను. పుష్యమాసము ప్రవేశించునప్పటికి ఆతని చెప్పులప్రక్కనే పండుకొనుచుండెను.

వీరశైవ గృహములలో ఇట్టి సందర్భమున రెండు సందేహములు తప్పక వచ్చును. మొదటిది ఆహారము. మాంసము వండని ఇంట కుక్క బ్రతుకునా? పిల్లి బ్రతుకదు గాని కుక్క జాగ్రత్తగా పెట్టిన బ్రతుకును. మనుష్యుని వెంట వేలయేండ్లు గింజలు తిని తిరిగిన కుక్కకు పిండిపదార్థమును జీర్ణించుకొను శక్తి తోడేలుకంటె హెచ్చుగా నేర్పడినదని 2013లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపెను. ఐతే వట్టి అన్నమును మజ్జిగయు పోసి శాకాహారము పెట్టితిమనుకొనుట దయ కాదు, లోభము. ఉడికిన పప్పు, పెరుగు, జొన్న, కూరగాయలు తగినట్లు కలిపి, పశువైద్యుని అడిగి లోపములు పూరింపవలెను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు చెఱుపు చేయును. కారము మాట చెప్పనక్కరలేదు. గుంటూరు ఇంటి మిగులు కూర మనుష్యునకే కంట నీరు తెప్పించును.

రెండవ సందేహము శుచి. కుక్క ముట్టిన చోట పూజ యెట్లని పెద్దలు అందురు. పూజగది, వంటిల్లు కుక్కకు విడువవలసిన పనిలేదు. ఏ యింటి మర్యాద ఆ యింటిది. కాని కుక్కను తాకినందున లింగమునకే మైల వచ్చునని జడియుట బసవేశ్వరుని మాటతో పొసగదు. పుట్టుక వలన ఎవ్వరును అంటరానివారు కారని చాటిన గురువు పేర కుక్కను అంటరానిదిగా చేయుట వింత. చేతులు కడుగుకొనుట ఆరోగ్యమునకు అవసరము. దానిని ఆరోగ్యమనియే పిలువవలెను. కడుపుపురుగులకు మందు, ఏటేట రేబిస్ టీకా, గోమారులను ఏఱుట, ఇవి నియమముగా జరిగిన ఇంట కుక్క వలన భయము చాల తగ్గును. గోమారుల వలన వచ్చు జ్వరము కుక్కను కొన్ని దినములలోనే నేలపట్టించును. దాని తిండిమానుటను "అలిగినది" అని నవ్వుకొని వదలివేయరాదు.

పొలము కుక్కకు స్వర్గమని పట్టణమువారు తలంతురు. మిరపసీమలో అది సగము నిజము. ఇక్కడి చేలలో మందులు కొట్టుట హెచ్చు. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మిరపపూతను నాశనము చేసినప్పుడు రైతులు దిక్కుతోచక దొరికిన మందెల్ల చల్లిరి. మందు కలిపిన బకెట్టులో మిగిలిన నీరు, గట్టున పడవేసిన సీసా, ఎలుకలకు పెట్టిన విషపుటెఱ, ఇవి కుక్కకు తెలియని శత్రువులు. మందు కొట్టిన దినమున కుక్కను చేనిలోనికి రానీయక, బకెట్టులు బోర్లించి, సీసాలు చేతికందనిచోట పెట్టుట పిల్లలున్న ఇంటికిని మేలే. పాములు మఱియొక భయము. కట్లపాము, రక్తపింజరి, నాగుపాము నల్లరేగళ్ళలో కొదువలేదు. కుక్క మూతిముందు పెట్టి పోవును, కాటు మూతికే తగులును. అడవిపందులకై కొందఱు దొంగచాటున పెట్టు కరెంటు తీగలు మఱింత ఘోరము. వానికి కుక్కలే కాదు, మనుష్యులును చచ్చుచున్నారు. ఇక ఎండ. రెంటచింతల యెండను ఎఱిగిన సీమలో మధ్యాహ్నము కుక్కకు నీడయు నీటితొట్టియు లేకున్నచో అది బ్రతుకుటయే కష్టము. కుక్కకు మనిషివలె ఒళ్ళంతయు చెమట పట్టదు. రొప్పుచు నాలుకతోనే వేడి విడువవలెను.

కోతలు వచ్చెను. దూరపు జిల్లాలనుండి కూలీలు కుటుంబములతో దిగిరి. కళ్ళములో పట్టాలు పఱచి కాయలు ఆరబోసిరి. ఎఱ్ఱని నేల, ఘాటు గాలి. కుక్క తుమ్ముచు దూరముగా జరిగి, గాలివాటమునకు ఎదురుగా, వేపచెట్టు క్రింద చోటు చూచుకొనెను. ఎవరు చెప్పక తానే తెలిసికొనెను. కూలీల పిల్లలు మొదట రాళ్ళు పట్టిరి. అవ్వ వారిని కూర్చుండబెట్టి, తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను కదపరాదని, పరుగెత్తి దాని మీదికి పోరాదని, అది తానే వచ్చువఱకు ప్రక్కకు తిరిగి కూర్చుండవలెనని చెప్పెను. కాటుల సంఖ్య తగ్గింపగోరు ప్రతి బడిలోను ఈ నాలుగు మాటలు చెప్పదగినవే. పిల్లలు వారము తిరుగకముందే దానికి రాణి యని పేరు పెట్టిరి. ఆ పేరు పెట్టకముందు ఇంటిలో అందఱును "అది" యనియే పిలిచిరని అప్పుడు కోడలు గమనించెను.

మహాశివరాత్రికి ఊరంతయు కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలవెంట పోయెను. కళ్ళములో యార్డుకు పోవలసిన టిక్కీలు కుట్టక మిగిలియున్నవి. తాత జాగరణము అక్కడనే చేయుదునని, ఇష్టలింగమును అరచేత నుంచుకొని, లాంతరుప్రక్క కూర్చుండెను. నడిరేయి దాటిన పిదప, మూడునెలలుగా నోరువిప్పని కుక్క లేచి మొరిగెను. తాత ఉలికిపడి చూడగా, దొంగలు కారు, ఎవరివో త్రాడు తెంపుకొనిన రెండు గేదెలు ఆరబోసిన కాయలమీద నడచుచున్నవి. కుక్క వాని చుట్టు కుంటుకాలితోనే తిరుగుచు, దగ్గరకు పోవుటకు జంకుచు, మొరుగుట మాత్రము మానలేదు. గేదెలు కదలిపోయినవి. మఱునాడు కొడుకు వచ్చి కాయలలోని గిట్టలజాడలు చూచి, "అయితే ఇది మొరుగుతుందన్నమాట" యనెను. "నీ కోసం మొరగలేదురా. తన యిల్లని మొరిగింది" అని తాత బదులు చెప్పెను.

కాయకమును గూర్చి శరణులు చెప్పిన దానిని కొందఱు ఇక్కడ తప్పుగా అన్వయింతురు. పనిచేయని కుక్కకు తిండి దండుగ యనుట కాయక సిద్ధాంతము కాదు. కాయకము మనిషి తన ఎఱుకతో శివార్పణముగా చేయు పని. ఇతరునిచేత, అందును నోరులేని ప్రాణిచేత, బలవంతముగా చేయించునది కాదు. దాసోహము షరతులేనిది. ఆ కుక్క శివరాత్రినాడు మొరుగక నిద్రించియున్నను మఱునాటి ముద్ద దానికి చెందవలసినదే. కొడుకునకు ఈ సంగతి బోధపడెనా లేదా యనునది చెప్పుట కష్టము. ఆతడు మాత్రము ఆ వేసవిలో వేపచెట్టు క్రింద సిమెంటు తొట్టి కట్టించెను.

మఠములు ఈ విషయమున చేయదగినది కొంత కలదు. కొన్ని మఠములకు మాన్యములు, తోటలు, గోశాలలు ఉన్నవి. గోశాల యున్న చోట నాలుగైదు కుక్కలకు, అందును పట్టణపు ఆశ్రయములలో ఎవ్వరును తీసికొనిపోని కుంటివానికి, గ్రుడ్డివానికి, ముసలివానికి చోటు కల్పించుట పెద్దభారము కాదు. సంతాననిరోధ చికిత్సయు టీకాయు జరిగినట్లు పత్రము చూచియే తీసికొనవలెను. కాటు స్వభావముగల వానిని పిల్లలు చదువు మఠములలో ఉంచరాదు. భక్తులు పెండ్లిండ్లకు, గృహప్రవేశములకు మఠమునకు ఇచ్చు కానుకలో ఒక కుక్కకు ఏడాది టీకా, మందుల ఖర్చు చేర్చుట ఎవరికైన సాధ్యమే. తెచ్చుకొనగోరు గృహస్థులు ముందుగా ఆశ్రయమునకు రెండు మూడుమారులు పోయి, ఆ కుక్కతో కూర్చుండి, ఇంటిలోని పిల్లలకును దానికిని పొందిక కుదురునో లేదో చూచుకొనవలెను. పిల్లవాని ముచ్చటకై తెచ్చి, వాడు చదువునకు పట్టణము పోగానే విడిచిపెట్టు ఇల్లు తేకుండుటయే మేలు. కుక్క ఆయువు పది పండ్రెండేండ్లు. మిరపధర పడిపోయిన ఏడును ఆ లెక్కలో చేరియే యుండును.

వానలు పడి నారుమళ్ళు పోయునప్పటికి రాణి ఆ పొలమున ఇంటిమనిషియైనది. తొట్టినీరు దినమునకు రెండుమారులు మార్చుట మనుమని వంతు. బడికి ఆలస్యమైనను, పుస్తకాల సంచి భుజమున వేసికొనియే, వాడు పాతనీరు వంపి క్రొత్తనీరు పోసి పరుగెత్తును. వాడు డొంక మలుపు తిరుగువఱకు అది గట్టుమీద నిలిచి చూచి, పిమ్మట నీరు త్రాగును.